రక్తపోటు 180 దాటితే: ప్రమాదం అంకెలో ఉందా, అవయవంలో ఉందా?

విశ్లేషణ

రక్తపోటు యంత్రంపై 190/120 అన్న అంకె కనిపించగానే మన దేశంలో సాధారణంగా రెండు రకాల స్పందనలు ఎదురవుతాయి. ఒకటి, ఆ అంకెను తక్షణమే కిందికి దించాలన్న ఆత్రుత. రెండోది, ‘బీపీ ఉన్న మనిషికి ఇది మామూలే’ అన్న ఉదాసీనత. మొదటిది అనవసరపు మందుతో మెదడుకు రక్తప్రసారం తగ్గించి పక్షవాతానికి దారితీయవచ్చు. రెండోది మెదడులో రక్తనాళం చిట్లుతున్న మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టవచ్చు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. చూపు అంకె వద్దనే ఆగిపోతోంది. ఆ క్షణంలో మెదడు, గుండె, మూత్రపిండాలు, కళ్లు ఏ స్థితిలో ఉన్నాయన్న ప్రశ్న వెనుకబడిపోతోంది.

ఈ ప్రశ్నకు అంతర్జాతీయ వైద్యరంగంలో ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. అవయవాలకు హాని లేకుండా రక్తపోటు మాత్రమే బాగా పెరిగిన స్థితిని ప్రత్యేక అత్యవసరంగా పరిగణించడానికి ఆధారాలు చాలవని యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ నిపుణులు 2019లోనే అభిప్రాయపడ్డారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2024 మే నెలలో వెలువరించిన శాస్త్రీయ ప్రకటన కూడా ఇదే దిశలో సాగింది. లక్షణాలేవీ లేని రోగుల్లో పెరిగిన రక్తపోటును ఆసుపత్రుల్లో హడావుడిగా తగ్గించే అలవాటును అది ప్రశ్నించింది. కోట్లాది మంది అధిక రక్తపోటుతో జీవిస్తున్న భారతదేశానికి ఈ చర్చ ఎంతో అవసరమైనది.

గీత ఎక్కడ గీయాలి?

పై అంకె 180, కింది అంకె 120 మిల్లీమీటర్ల పాదరసాన్ని దాటితే రక్తపోటు ప్రమాదకర స్థాయికి చేరినట్లు వైద్యులు భావిస్తారు. అయితే అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఆ ఒత్తిడికి ఏదైనా ప్రధాన అవయవం అప్పటికప్పుడు దెబ్బతింటుంటే అది ప్రాణాపాయ స్థితి. దానికి ఐసీయూలో, నరం ద్వారా ఇచ్చే మందులతో నిమిషాల లెక్కన చికిత్స జరగాలి. అవయవాలన్నీ సక్రమంగా పనిచేస్తుంటే, అంకె అంతే ఎక్కువగా ఉన్నప్పటికీ, చికిత్స రోజుల లెక్కన సాగుతుంది. నోటి మాత్రలు, విశ్రాంతి, కొద్ది రోజుల్లో మరోసారి పరీక్ష సరిపోతాయి.

ఈ రెండో వర్గం ఎంత పెద్దదో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వ్యవస్థలో జరిగిన అధ్యయనం వెల్లడించింది. 2016లో ‘జామా ఇంటర్నల్ మెడిసిన్’ పత్రిక దీనిని ప్రచురించింది. ఔట్‌పేషెంట్ విభాగాలకు వచ్చి, రక్తపోటు 180/110 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్లు తేలిన సుమారు 58 వేల మంది వివరాలను అందులో పరిశీలించారు. వారిలో అత్యధికులను ఇంటికే పంపించారు. తరువాతి వారం రోజుల్లో వారిలో గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్ర సంఘటనలు వెయ్యికి ఒకటి చొప్పున మాత్రమే సంభవించాయి. ఆసుపత్రికి పంపిన వారికి అదనపు ప్రయోజనమేదీ కనిపించలేదు.

అలాగని 180 అన్న గీతను అక్షరాలా పట్టుకుని కూర్చోవడమూ సరికాదు. శరీరం ఎంత ఒత్తిడిని తట్టుకోగలదన్నది ఆ ఒత్తిడి ఎంత వేగంగా పెరిగిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు ఉన్నవారి రక్తనాళాల గోడలు మందమై, దానికి కొంత అలవాటు పడి ఉంటాయి. అప్పటివరకు రక్తపోటు లేని గర్భిణిలో, మూత్రపిండాలు అకస్మాత్తుగా వాచిన పిల్లవాడిలో ఆ రక్షణ ఉండదు. అటువంటి వారిలో అంతకంటే చాలా తక్కువ అంకె వద్దనే మెదడు దెబ్బతిని మూర్ఛ రావచ్చు.

పేరులోనే తికమక

వైద్య గ్రంథాలు దశాబ్దాలుగా మొదటి స్థితిని ‘ఎమర్జెన్సీ’ అని, రెండో స్థితిని ‘అర్జెన్సీ’ అని వ్యవహరించాయి. ఆంగ్లంలో రెండు మాటలున్నా ఆచరణలో తేడా చెరిగిపోయింది. ‘అర్జెన్సీ’ అన్న పేరు వినగానే వెంటనే ఏదో ఒకటి చేయాలన్న ఒత్తిడి వైద్యునిపై పడింది. అందుకే ఆ మాటను క్రమంగా పక్కన పెడుతున్నారు. తెలుగులో ఈ చిక్కు మరింత ఎక్కువ. రెండు పదాలనూ ‘అత్యవసరం’ అనే అనువదించుకుంటాం. ఏది ప్రాణాంతకమో, ఏది కాదో చెప్పగల వేర్వేరు మాటలు వాడుకలో స్థిరపడలేదు.

‘బీపీ’ అన్న మాట పరిస్థితీ అంతే. అది ఒక కొలత పేరు. ప్రాణమున్న ప్రతి మనిషికీ ఉండేదే. వాడుకలో మాత్రం అది జబ్బు పేరుగా మారింది. ‘ఆయనకు బీపీ ఉంది’ అంటే రోగమని అర్థం. ‘నా బీపీ పెంచకు’ అంటే కోపం తెప్పించవద్దని అర్థం. ఈ రెండో ప్రయోగం ఒక అపోహను కూడా వెంట తెస్తుంది. కోపంతో వచ్చి, శాంతించగానే పోయేది రక్తపోటు అన్న భావన అది. ప్రశాంతంగా ఉన్నాం కాబట్టి మాత్ర అక్కర్లేదని భావించేవారు అందుకే అన్ని ఊళ్లలోనూ కనిపిస్తారు. వాస్తవానికి అధిక రక్తపోటు ఉన్న అత్యధికులకు ఏ లక్షణమూ తెలియదు.

అవయవాలు ఇచ్చే సంకేతాలు

అవయవం దెబ్బతింటోందని గుర్తించడానికి ఇంట్లోనివారికి కూడా అందుబాటులో ఉండే సంకేతాలు కొన్ని ఉన్నాయి.

మెదడు ముందుగా చెప్పే మాట అయోమయం. తీవ్రమైన తలనొప్పితో పాటు వాంతులు, మగత, తికమకగా మాట్లాడడం, ఫిట్స్ కనిపిస్తే మెదడు వాచిందని అనుమానించాలి. మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడడం పక్షవాతానికి గుర్తులు. చూపు ఉన్నట్టుండి మసకబారితే కంటి వెనుక పొరలో రక్తస్రావమో, వాపో జరిగి ఉండవచ్చు. మెదడులోని సూక్ష్మ రక్తనాళాల స్థితిని బయటి నుంచి చూడగలిగే కిటికీ కన్ను. అందుకే కంటి పరీక్షకు ఇక్కడ అంత విలువ.

గుండె విషయంలో రెండు గుర్తులు ముఖ్యం. ఛాతీలో నొక్కేసినట్టుండే నొప్పి మొదటిది. పడుకోలేనంత ఆయాసం, నురగతో కూడిన దగ్గు రెండోది. అధిక ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని పంపలేక గుండె అలసిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని దాని అర్థం. ఛాతీలో మొదలై వీపులోకి చీల్చుకుపోతున్నట్టు వచ్చే నొప్పి మరీ ప్రమాదకరం. శరీరంలోని అతి పెద్ద ధమని, అంటే బృహద్ధమని, లోపలి పొర చీలినప్పుడు అటువంటి నొప్పి వస్తుంది. రెండు చేతుల్లో రక్తపోటు వేర్వేరుగా ఉండడం దీనికి ఒక ఆధారం.

మూత్రపిండాలు మౌనంగా దెబ్బతింటాయి. మూత్రం బాగా తగ్గడం, రంగు మారడం, ముఖం, కాళ్లు ఉబ్బడం మాత్రమే బయటికి కనిపిస్తాయి. మిగిలినది రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షల్లోనే తెలుస్తుంది.

గర్భిణుల విషయంలో కొలమానమే వేరు. 20 వారాల తరువాత గానీ, ప్రసవానంతరం ఆరు వారాల లోపు గానీ పై అంకె 160 లేదా కింది అంకె 110కి చేరి, పావుగంట తరువాత కూడా అలాగే ఉంటే గంటలోపు చికిత్స మొదలు కావాలి. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగాన కుడివైపు నొప్పి ముందస్తు హెచ్చరికలు. తెలుగువారు తరతరాలుగా ‘గుర్రపువాతం’ అని పిలుచుకునే మూర్ఛ ఆ తరువాతి మెట్టు. దీనిని నివారించే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ చవకైన మందు. కాన్పు అయిపోయింది కదా అని ఈ హెచ్చరికలను పట్టించుకోకపోవడం తల్లి ప్రాణానికే ముప్పు.

కేవలం తలనొప్పి గానీ, ముక్కు నుంచి రక్తం కారడం గానీ, ఆందోళన గానీ ఉండి, ఇతర సంకేతాలేవీ లేనప్పుడు అవి అవయవ నష్టానికి రుజువులు కావు. నొప్పి, భయం రక్తపోటును తామే పెంచుతాయి. నొప్పి తగ్గితే అంకె కూడా దిగివస్తుంది.

దించడంలోనూ కొలత ఉంది

అవయవానికి హాని జరుగుతోందని తేలినప్పుడు కూడా రక్తపోటును ఒక్కసారిగా సాధారణ స్థాయికి దించరు. సగటు రక్తపోటును మొదటి గంటలో నాలుగో వంతుకు మించి తగ్గించకుండా జాగ్రత్త పడతారు. ఆ తరువాత రెండు నుంచి ఆరు గంటల్లో 160/100 దరిదాపులకు, ఆపైన ఒకటి రెండు రోజుల్లో సాధారణ స్థాయికి తీసుకువస్తారు. లాబెటలాల్, నికార్డిపిన్, నైట్రోగ్లిజరిన్ వంటి మందులను నరం ద్వారా ఇస్తూ, మోతాదును క్షణక్షణం సవరించడానికి కారణం ఇదే.

ఈ నిదానానికి వెనుక శరీరధర్మం ఉంది. రక్తపోటు పెరిగినా తగ్గినా మెదడు తన రక్తనాళాలను సంకోచింపజేసి, వ్యాకోచింపజేసి లోపలికి వచ్చే రక్తం పరిమాణాన్ని ఒకే తీరున నిలుపుకుంటుంది. చిరకాలంగా అధిక రక్తపోటు ఉన్నవారిలో ఈ సర్దుబాటు పరిధి పైకి జరిగి ఉంటుంది. ఆరోగ్యవంతుడికి సరిపోయే 120 వారి మెదడుకు ఉన్నట్టుండి చాలకపోవచ్చు.

అవయవాన్ని బట్టి లక్ష్యం కూడా మారుతుంది. బృహద్ధమని చీలినప్పుడు పై అంకెను నిమిషాల్లోనే 120 కంటే దిగువకు తేవాలి. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతంలో ఇందుకు పూర్తిగా భిన్నం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటే 185/110 దిగువకు తెస్తారు. ఇవ్వనప్పుడు 220/120 దాటే వరకు సాధారణంగా రక్తపోటును కదిలించరు. మూసుకుపోయిన నాళం చుట్టూ ఉన్న కణజాలం ఆ అధిక ఒత్తిడి ఆసరాతోనే బతుకుతూ ఉంటుంది. కనుక పక్షవాతం లక్షణాలున్న మనిషికి స్కానింగ్‌కు ముందే ఇంట్లో అదనపు బీపీ మాత్ర వేయడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. గడ్డను కరిగించే మందుకు ఉన్న గడువు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలు. ఆ సమయాన్ని మాత్ర పనిచేస్తుందేమోనని ఎదురుచూడడంలో కోల్పోకూడదు.

నాలుక కింద మందు కథ ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను సూదితో పొడిచి నాలుక కింద చుక్కలు వేస్తే అంకె నిమిషాల్లో పడిపోతుంది. చూసేవారికి తృప్తి కలుగుతుంది. కానీ ఎంత పడుతుందో ఎవరి అదుపులోనూ ఉండదు. పక్షవాతం, గుండెపోటు సంభవించిన ఉదంతాలను ఉటంకిస్తూ 1996లో ‘జామా’ పత్రికలో వెలువడిన వ్యాసం ఈ పద్ధతిని నిలిపివేయాలని కోరింది. గర్భిణులకు వైద్య పర్యవేక్షణలో మింగించే నిఫెడిపిన్ వేరు. అది ప్రామాణిక చికిత్సలో భాగం. మందు ఒకటే అయినా వాడే తీరులోనే తేడా ఉంది.

కొలతే తప్పయితే

తప్పు కొలతతో మొదలైన హడావుడి కూడా తక్కువేమీ కాదు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. మెట్లెక్కి వచ్చిన వెంటనే, టీ తాగిన వెంటనే, మూత్రం ఆపుకొని, మాట్లాడుతూ, చేయి వేలాడదీసి కొలిచినా అంతే. అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, చేతిని గుండె ఎత్తున ఉంచి, కనీసం రెండుసార్లు కొలవాలి. లక్షణాలేవీ లేని వ్యక్తిని అరగంట ప్రశాంతంగా కూర్చోబెట్టి తిరిగి కొలిస్తే అంకె చాలాసార్లు తానే తగ్గుతుంది. ప్రమాద సంకేతాలు ఉన్నప్పుడు మాత్రం ఈ అరగంట నిరీక్షణ వర్తించదు.

మందులు లేని కాలం, మందులు ఆగిన కాలం

రక్తపోటు వల్ల అవయవాలు దెబ్బతినడాన్ని వైద్యశాస్త్రం నిస్సహాయంగా చూస్తూ ఉండిపోయిన కాలం ఎంతో దూరంలో లేదు. కంటి నరం వాపు స్థాయికి వ్యాధి ముదిరిన రోగుల్లో అయిదింట నలుగురు ఏడాదిలోపే మరణిస్తున్నారని అమెరికా వైద్యులు కీత్, వేగనర్, బార్కర్ 1939లో నమోదు చేశారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రక్తపోటు 1944 మార్చిలో 186/108గా తేలింది. డాక్టర్ హోవర్డ్ బ్రూయెన్ చేతిలో అప్పుడున్నవి డిజిటాలిస్, ఉప్పు తగ్గింపు, విశ్రాంతి వంటివి మాత్రమే. 1945 ఏప్రిల్ 12న తల వెనుక భాగంలో తీవ్రమైన నొప్పి అని చెప్పి రూజ్‌వెల్ట్ కుప్పకూలారు. అప్పుడు కొలిచిన పై అంకె 300 దాటింది. మెదడులో రక్తస్రావంతో అదే రోజు ఆయన కన్నుమూశారు.

ఆ తరువాత నాలుగేళ్లకే, 1949లో, బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరుతో అధిక రక్తపోటుకు చేసిన చికిత్స ఫలితాలను ‘బ్రిటిష్ హార్ట్ జర్నల్’లో ప్రచురించారు. ప్రపంచ వైద్యం దృష్టి ఈ భారతీయ మొక్క వైపు మళ్లింది. దాని నుంచి రిసర్పిన్ వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో అంతకంటే సురక్షితమైన మందులు అందుబాటులోకి వచ్చాయి. నేడు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి.

అయినా ప్రాణాపాయ స్థితిలో రోగులు ఆసుపత్రులకు వస్తూనే ఉండడానికి ప్రధాన కారణం మందు లేకపోవడం కాదు, మొదలుపెట్టిన మందు ఆగిపోవడం. అంకె సాధారణానికి రాగానే జబ్బు నయమైందనుకోవడం, పనికోసం వలస వెళ్లడం, ఆరోగ్య కేంద్రంలో మాత్రలు నిండుకోవడం, పది రోజులకు మించి ఇవ్వకపోవడం వల్ల తిరగలేక మానేయడం ఇందులో భాగమే. క్లోనిడిన్ వంటి కొన్ని మందులను హఠాత్తుగా ఆపితే రక్తపోటు ముందుకంటే ఎగసిపడుతుంది. కీళ్ల నొప్పులకు విచ్చలవిడిగా వాడే నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, మోతాదు మించిన అతిమధురం కూడా రక్తపోటును పెంచుతాయి. పిన్న వయసులోనే అంకె ఈ స్థాయికి చేరితే మూత్రపిండాల జబ్బు, మూత్రపిండ ధమని ఇరుకు కావడం, అడ్రినల్ గ్రంథి కణితి వంటి కారణాలను వెతకాలి.

అంకెలు చెబుతున్న అంతరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం భారతదేశంలో 30 నుంచి 79 ఏళ్ల వయసువారిలో 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. వారిలో 37 శాతం మందికే ఆ సంగతి వైద్యపరంగా తెలుసు. 30 శాతం మంది చికిత్స పొందుతున్నారు. 15 శాతం మందికి మాత్రమే రక్తపోటు అదుపులో ఉంది. అదే ఏడాది ‘లాన్సెట్’ అనుబంధ పత్రికలో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం వయోజనుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు అంచనా వేసింది. చికిత్సకు బయటే మిగిలిపోయిన ఈ జనాభా నుంచే రేపటి పక్షవాతాలు, డయాలసిస్‌లు వస్తాయి.

ఈ అంతరాన్ని పూడ్చేందుకు 2017లో తెలంగాణ, కేరళ, పంజాబ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలతో భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. రాష్ట్రమంతటికీ ఒకే సరళమైన మందుల క్రమం, నెలకు సరిపడా మాత్రలు, ఇంటి దగ్గరి కేంద్రంలోనే పరీక్ష, రాని రోగులను గుర్తించి పిలిపించడం దాని మూలసూత్రాలు. చికిత్సలో ఉన్నవారిలో దాదాపు సగం మందికి రక్తపోటు అదుపులోకి వచ్చింది. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. 2025 నాటికి 7.5 కోట్ల మంది రక్తపోటు, మధుమేహ రోగులకు ప్రామాణిక చికిత్స అందించాలని కేంద్రం 2023 మే 17న లక్ష్యం ప్రకటించింది.

పొరుగు దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంకల్లోని 30 గ్రామీణ సముదాయాల్లో 2,645 మందిపై జరిగిన అధ్యయనం 2020లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి రక్తపోటు కొలిచి, సలహాలిచ్చి, అవసరమైన వారిని వైద్యుల వద్దకు పంపారు. రెండేళ్లలో పై అంకె ఇతర గ్రామాలతో పోలిస్తే సుమారు 5 మిల్లీమీటర్లు అదనంగా తగ్గింది. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. క్రమం తప్పని పలకరింపు, క్రమం తప్పని మాత్ర మాత్రమే ఉన్నాయి.

గ్రామ స్థాయిలో ఏం జరగాలి?

నియంత్రణ కార్యక్రమాలు ఇప్పటివరకు కొలవడంపై, మందులివ్వడంపై దృష్టి పెట్టాయి. అంకె 180 దాటినప్పుడు తదుపరి అడుగు ఏమిటన్నది కూడా ఆశా, ఏఎన్ఎం శిక్షణలో అంతే స్పష్టంగా ఉండాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబాటు, అవయవాల బలహీనత, అయోమయం, ఫిట్స్, మూత్రం తగ్గడం, గర్భం లేదా ఇటీవలి కాన్పు గురించి అడగడానికి రెండు నిమిషాలు చాలు. వీటిలో ఒక్కదానికి ‘అవును’ అన్న జవాబు వచ్చినా 108కు ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలై అనేక రాష్ట్రాలకు విస్తరించిన ఆ అంబులెన్స్ సేవ ఉద్దేశమే అది. రోగి వాడుతున్న మందుల చీటీని, లక్షణాలు మొదలైన సమయాన్ని వెంట పంపితే ఆసుపత్రిలో నిర్ణయాలు వేగవంతమవుతాయి.

అన్నింటికీ ‘లేదు’ అన్న జవాబే వస్తే ఆ మనిషికి కావలసింది అంబులెన్స్ కాదు. ఆగిపోయిన మందును వైద్యుని సలహాతో తిరిగి మొదలుపెట్టడం, వారంలోపు మరోసారి కొలవడం, ఆ మాత్ర మళ్లీ ఆగకుండా చూడడం. మొదటి జాబితాలోని రోగులను కాపాడే బాధ్యత ఆసుపత్రులది. ఆ జాబితా పెరగకుండా చూసే బాధ్యత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మాత్రల నిల్వలు నిండుకోకుండా చూడాల్సిన ప్రభుత్వాలది.